మూడో జాడింపు

ఈ ఒక్క రిబ్బనూ కత్తిరించేస్తే రేపట్నుంచి బారెడు పొద్దెక్కేదాకా పడుకోవచ్చని పెద్దాయన ఆశ. యాభై ఏళ్ల కిందట చేతిసంచీతో ఈ పరాయి దేశంలో దిగి, హోటలు వెనకగదిలో భార్యతో కలిసి దుప్పట్లు ఉతికి, చివరికి ఊళ్లోని ఆసుపత్రులన్నిటికీ ఉతికిపెట్టే కంపెనీ నిలబెట్టిన మనిషి. సంపాదించిందంతా బడులకీ ఆసుపత్రులకీ ఇచ్చేశాడు. ఇచ్చినకొద్దీ అడిగేవాళ్లే. ఇచ్చే చేతికి సెలవుండదని ముందే ఎవరైనా చెప్పి చావొద్దూ!

ఇవాళ ఆయన పేరుతో కట్టిన వార్డుకు ప్రారంభం. రోగుల్ని వారం కిందటే చేర్చేశారు. పెద్దమనుషులకు మాత్రం ఇవాళే తీరింది. బయట ఉపన్యాసాలు ఎంతకీ తెమలకపోవడంతో ఆయన నడుం పట్టుకుని లోపలికొచ్చి, ఓ మంచం పక్కన కూలబడ్డాడు.

"చల్లగా ఉండు నాయనా," అంది మంచం మీది ముసలమ్మ, వీపు బరబరా గోక్కుంటూ.

ఆ గోకుడు చూసి ఆయనకు అనుమానమొచ్చింది. మంచం చివర మడతపెట్టి ఉన్న ఉతికిన దుప్పటి అంచు తీసి నాలుకకు తాకించాడు. పోయిన భార్య నేర్పిన పరీక్ష అది. చురుక్కుమంటే ఒంటిని దురదపెట్టే సబ్బుకారం పోలేదని లెక్క. మూడుసార్లు జాడించనిదే ఆ మహాతల్లి ఒక్క దుప్పటినీ గడప దాటనిచ్చేది కాదు.

నాలుక చురుక్కుమంది.

అంతలో కంపెనీ చూసుకుంటున్న కూతురు వచ్చింది. "అందరూ నీకోసమే చూస్తున్నారు నాన్నా, రా."

"మూడో జాడింపు ఎప్పుడు మానేశారే?"

ఆమె తల దించుకుంది. "ఏడాదైంది. నువ్వు అడిగినవాళ్లందరికీ మాటిచ్చేస్తుంటే నేనెక్కణ్ణుంచి తేను? ఈ వార్డు లేచింది ఆ మిగిల్చిన నీళ్ల మీదే."

తిడదామనుకున్నాడు. ఎవర్ని తిడతాడు? మాటిచ్చిన నోరు తనదే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. చచ్చేంత అలసటగా అనిపించింది.

"వ్యాను పిలువు. ఇక్కడి దుప్పట్లన్నీ వెనక్కి."

"ఇంతమంది ముందా? పరువు పోతుంది నాన్నా!"

"పోనీవే. వీళ్ల వీపులన్నా మిగుల్తాయి."

కోటు విప్పి కుర్చీమీద పడేసి, ముసలమ్మను మెల్లగా పక్కకు ఒత్తిగిలజేసి, ఆమె కిందున్న దుప్పటి లాగబోయాడు.

"నీకెందుకు నాయనా ఈ పని? పెద్దవాడివి, కూర్చో."

"కూర్చుందామనే వచ్చానమ్మా," అన్నాడు.

కూతురు వచ్చి రెండో కొస పట్టుకుంది. ఆయన ఆమె వైపు చూడకుండానే అన్నాడు: "రేపు నాలుగింటికి నన్ను లేపు. జాడించేటప్పుడు నేనుంటాను."