పాతరలోంచి అంకెలు

నాకు గోతులంటే భయం. ఇరవై రెండేళ్ళుగా తవ్వకాల పనిలో ఉన్నవాడు ఈ మాట అంటే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు. నడుము లోతు వరకు ఫరవాలేదు. తల మునిగే లోతుకు దిగాల్సి వస్తే మాత్రం నాకు వెంటనే ఏదో ఒక పని గుర్తొస్తుంది. కొలతలు రాయాలి, ఫోటోలు సరిచూడాలి. పైన కూర్చుని రాసేవాడు కూడా ఒకడు ఉండాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

ఆ సెప్టెంబరులో మేం తవ్వుతున్నది జెఫెరీనో మామ పెరడు. మా అలెంతేజో ప్రాంతంలో ఎక్కడ పలుగు దించినా అంతకుముందే ఎవరో ఒకరు దించి ఉంటారు. ఆయన పెరట్లో అన్నిటికంటే అడుగున రోమన్లు ద్రాక్షపళ్ళు తొక్కిన గచ్చు ఉంది. దాన్ని పగలగొట్టి తర్వాత ఈ నేలనేలిన అరబ్బు మూర్ల కాలంలో ఎవరో ధాన్యపు పాతర తవ్వుకున్నారు. మూతి సన్నం, కడుపు వెడల్పు, లోతు దాదాపు రెండు నిలువులు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంకెవరో గోడ అవతల వైన్ పులియబెట్టే కొట్టు నుంచి ఒక రాతి తూము తవ్వి ఆ పాతర పక్కలోకి కలిపారు. ఆ తర్వాత ఎందుకో తూము నోట్లో రాళ్ళూ, బంకమన్నూ, పగిలిన నీలిపూల పళ్ళెం ముక్కలూ కూరి గట్టిగా మూసేశారు.

మా పనికి ఒకటే చట్టం. చివర వచ్చింది ముందు పోవాలి. ఆ మూత అన్నిటికంటే చివరిది కాబట్టి ముందు దాన్నే తీయమన్నాను. మంగళవారం పొద్దున ఇదాలీనా ఒక్కో రాయికీ అంకె వేసి, ఫోటో తీసి, ఊడదీసి పైకి పంపింది. పళ్ళెం ముక్కలు చూసి నేను పండగ చేసుకున్నాను. మూసింది ఎప్పుడో తేలితే చాలనుకున్నాను. ఎందుకు మూశారో అన్న ఆలోచన నా బుర్రకు తట్టలేదు.

ఇదాలీనా జెఫెరీనో మామ ఒక్కగానొక్క కూతురు. ఎవొరా పట్నంలో ఇదే చదువు చదువుకుని, నా దగ్గర చేరి రెండేళ్ళయింది. మనిషి సన్నం, ధైర్యం ఎక్కువ. ఆ రెండూ నాకు బాగా పనికొచ్చాయి.

డాక్టరేటు ఉందని నన్ను డాక్టరుగారూ అనే మామ రోజూ పొద్దున్నే గోడ పక్కకు వచ్చి జేబులోంచి కొవ్వొత్తి ముక్క తీసేవాడు.

"డాక్టరుగారూ, పిల్ల దిగేముందు ఇది వెలిగించి తాడుకు కట్టి దించండి. ఆరిందా, దిగొద్దు. కొట్టులో మేం చేసేది అదే."

"మామా, అడుగున బొగ్గుంది. దాని వయసు తేల్చాలి. మీ కొవ్వొత్తి మసీ మైనమూ అందులో పడితే ల్యాబువాళ్ళు నన్ను చీవాట్లు పెడతారు."

"బొగ్గుకు వెయ్యేళ్ళయితే ఏం, తొమ్మిది వందలయితే ఏం? పిల్లకు ఇరవై ఆరు. ఆ లెక్క నాకు తెలుసు."

మట్టి జల్లెడ పట్టే కుస్తోదియా తల ఎత్తకుండానే అంది. "ఆయన ఎందుకు వెలిగిస్తాడు జెఫెరీనో? దిగేది ఆయనా?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ఒక్క కొవ్వొత్తితో ఆ బొగ్గుకు వచ్చే నష్టం ఏమీ లేదు. ఊరి ముసలాయన మాట నెగ్గడం ఇష్టంలేక అన్నాను అంతే.

ఆ మంగళవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇదాలీనా మళ్ళీ దిగింది. తను అడుగున టేపు పట్టుకుని మీటర్లలో లోతు చెబుతుంది, మట్టి రంగు చెబుతుంది. నేను పాతర మూతి పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని రాసుకుంటాను. గోడ అవతల జెఫెరీనో మామ బానలు కలపడం మొదలుపెట్టాడు. మనిషెత్తు మట్టి బానల్లో ద్రాక్షరసం పులిసి పొంగుతుంటుంది. పైకి తేలిన తొక్కను రోజుకు రెండుసార్లు కర్రతో లోపలికి కుక్కాలి. ఆ కర్ర చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది.

"రెండు తొంభై ఒకటి. బూడిద రంగు, మెత్తన," అంది కిందనుంచి.

రాసుకున్నాను.

"తల దిమ్ముగా ఉంది సార్."

"ఆదివారం పెళ్ళిలో తాగింది ఇంకా దిగలేదా?"

"మిమ్మల్ని పిలవలేదని కుళ్ళు."

ఊపిరి ఎగబీలుస్తున్నట్టు చప్పుడు. "రెండు తొంభై ఒకటి."

"అది చెప్పేశావు. తర్వాతది."

"రెండు తొంభై ఒకటి."

నాకు చిరాకు వేసింది. "నిద్రపోతున్నావా? రంగు చెప్పు."

"రంగా..." చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత ముద్దగా, చిన్నపిల్ల మాటలా వచ్చింది. "అమ్మ గౌను రంగు."

ఇదాలీనా తల్లి పోయి పదిహేనేళ్ళయింది. కింద తాపీ రాతి మీద పడిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చప్పుడన్నది లేదు.

మూతి మీదికి వంగాను. పులిసిన ద్రాక్ష వాసన ముక్కులోకి గుచ్చుకుని కళ్ళు చెమర్చాయి. పొద్దున ఆ పాతరలో మట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు. టార్చి వేస్తే తూము నోరు నల్లగా తెరుచుకుని కనిపించింది. దాని కింద, గోడకు చేరగిలబడి, తల వాల్చేసి, ఇదాలీనా.

ఆ తూము ఎందుకు మూశారో అప్పుడు అర్థమైంది. రసం పులిసేటప్పుడు వచ్చే గాలి బరువైనది, నేల మీద పాకుతుంది, పల్లం వెతుక్కుంటుంది. దానికి ఆ పొద్దున నేను దారి తెరిచి ఇచ్చాను.

"మామా," అని అరిచాను.

మోచేతుల దాకా ఊదారంగు రసంతో పరిగెత్తుకొచ్చాడు. ఒక్కసారి వాసన చూశాడు, చాలు. నిచ్చెన మీద కాలు వేశాడు.

నేను ఆయన నడుం బెల్టు పట్టుకున్నాను. ఇది ఎవరికీ చెప్పని మాట. ఆయన్ను ఆపాలని పట్టుకోలేదు. ఆ క్షణంలో ఆ నల్లటి మూతి నా మీదికి వచ్చినట్టయింది, పడిపోతూ చేతికి అందింది పట్టుకున్నాను. నా బరువుకు ఆయన వెనక్కి తూలాడు. ఇద్దరం మట్టిలో పడ్డాం.

"వదలండి డాక్టరుగారూ. నా పిల్ల." నా వేళ్ళు విప్పడానికి గింజుకుంటున్నాడు. వదలడానికి నా చేతులు నా మాట వినలేదు.

కుస్తోదియా జల్లెడ విసిరేసి వచ్చింది. "జెఫెరీనో, నువ్వూ దిగితే ఇద్దర్ని లాగాలి. నాకు నడుం నొప్పి. పోయి నీ కొట్టులో తూము దగ్గర తడిగోనెలు కుక్కు, పో." ఆయన లేచి పరిగెత్తాడు. "మీరు అంబులెన్సుకు ఫోన్ చేయండి. చేయగలరా?"

మూడుసార్లు అంకెలు తప్పు నొక్కాను.

ఫోటోకు ముందు దుమ్ము ఊదడానికి మా దగ్గర ఆకులు ఊదే యంత్రం ఒకటి ఉండేది. కుస్తోదియా దాని మూతికి మట్టి కడిగిన నీళ్ళు పోయే లావు ప్లాస్టిక్ గొట్టం తొడిగి, పాతర అడుగుదాకా దించి ఆన్ చేసింది. ఆ హోరులో నేను ఒకటే లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. మనిషి మెదడు గాలి లేకుండా ఎన్ని నిమిషాలు ఆగుతుంది? నాలుగా, ఐదా? ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? మొదటి రెండు తొంభై ఒకటి నుంచా, రెండోదాని నుంచా?

మామ తిరిగొచ్చి జేబులోంచి కొవ్వొత్తి తీశాడు. ఇన్నాళ్ళూ వద్దన్నవాణ్ణి, నేనే తాడు అందించాను. నడుము లోతులో ఆరిపోయింది. ఆయన నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. మళ్ళీ వెలిగించాడు. ఈసారి అడుగుదాకా పోయి, వణికి, నిలిచింది.

"నేను దిగుతా," అన్నాడు మామ. డెబ్బై ఏళ్ళ మనిషి.

కుస్తోదియా నావైపు చూసింది. నేను సన్నగా ఉంటాను. అక్కడున్న ముగ్గురిలో చిన్నవాణ్ణి నేనే. నేను తాడు ముడిని చూస్తూ ఉండిపోయాను.

"సరే, పట్టుకోండి," అని తాడు నడుముకు చుట్టుకుని యాభై ఎనిమిదేళ్ళ మనిషి ఆ సందులోకి దిగింది. మోచేతులు రాతికి గీసుకుని తోలు లేచిపోయింది. లోపలినుంచి "పిల్లకు కట్టాను, లాగండి" అన్న కేక వచ్చేదాకా నేను బతికి ఉన్నానో లేదో నాకు తెలియదు. లాగాం. ముందు ఇదాలీనా జుట్టు కనిపించింది, తర్వాత నీలిరంగు పెదాలు. మామ కూతుర్ని ఒళ్ళో వేసుకుని నోట్లోకి ఊదాడు. ఊదాడు, ఊదాడు. ఆయన ఊపిరి అయిపోవచ్చేసరికి ఆమెకు దగ్గు మొదలైంది. ఆ దగ్గు విని నేను గోడ పక్కకు పోయి వాంతి చేసుకున్నాను.

బేజా పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ ప్రాణభయం లేదంది. ఇంకో రెండు నిమిషాలైతే ఆ మాట అనేదాన్ని కాదని కూడా అంది. వరండాలో బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. కుస్తోదియా మోచేతులకు కట్లు.

మామ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఇంకా ఊదారంగు ఉంది.

"తూము తెరిపించింది మీరేనని తెలుసు. దానికి మిమ్మల్ని తర్వాత తిడతాను. కానీ ఆ తొందరలో నాకు ఒళ్ళు తెలియలేదు డాక్టరుగారూ. మీరు నన్ను పట్టి ఆపకపోతే నేనూ దాని పక్కనే పడి ఉండేవాణ్ణి. మీది గట్టి గుండె."

కుస్తోదియా నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆమె అన్నీ చూసింది, ఆమెకు తెలుసు.

"అలాంటిదేమీ లేదు మామా," అన్నాను.

ఆయన దాన్ని వినయం అనుకున్నాడు. నేను అనుకోనిచ్చాను.