ఆరో గడిలో నీళ్ళు

ఆ సబ్బుల కంపెనీ ఆఫీసులో పొద్దున్నే లిఫ్టు ముందు నిలబడ్డవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకోరు, చేతులు చూసుకుంటారు. లోపల స్టూలు మీద కూర్చునే లిఫ్టు బాబాయీ అంతే. ఎవరు నమస్కారం పెట్టినా, పెట్టకపోయినా ఆయన అడిగేది ఒకటే మాట.

"చేతిలో ఏముంది?"

కాగితం ఉంటే గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ బుట్టలో పడేసి ఎక్కాలి. తర్వాత అటెండరు వాటిని మెట్ల మీదుగా మోసుకొస్తాడు. వట్టి చేతులతో ఎక్కితే ఆ లిఫ్టుకి వంక పెట్టడానికి లేదు, ఏ మీట నొక్కితే ఆ అంతస్తుకి తీసుకెళ్తుంది. చేతిలో కాగితం ఉందా, ఆ కాగితం ఏ చోటు గురించి మాట్లాడుతుందో ఆ చోటికి పోతుంది. ఫోను పనిచేయడం లేదన్న ఫిర్యాదు పట్టుకుని ఎక్కితే తలుపు టెలిఫోను ఆఫీసులో తెరుచుకుంటుంది. ఒకసారి జీతాల గుమాస్తా పెళ్ళి శుభలేఖ పట్టుకుని పరధ్యానంగా ఎక్కేసి, తిన్నగా పెళ్ళి పందిట్లో దిగాడు. ఎలాగూ వచ్చాను కదా అని భోంచేసి మరీ తిరిగొచ్చాడు.

కాగితంలో ఉన్నది లోకంలో లేకపోతే మాత్రం తలుపు తెరుచుకోదు. అమ్మకాల మేనేజరు వచ్చే ఏడాది అంచనాలు పట్టుకుని ఎక్కి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అందులోనే ఇరుక్కున్నాడు. చివరికి ఆ కాగితాన్ని ముక్కలు చేస్తే గానీ బయటపడలేదు. లిఫ్టు బాగుచేసేవాళ్ళు ఏడాదికోసారి వస్తారు, నూనె పోస్తారు, అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టి పోతారు.

ఆరో అంతస్తులో సామాజిక బాధ్యత విభాగం ఉంది. విభాగమంటే ఒక మేనేజరు, గళ్ళమ్మ, ఒక ప్రింటరు. గళ్ళమ్మ అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ ఎవరికీ గుర్తు లేదు. ప్రపంచ దేశాలన్నీ కలిసి పదిహేడు లక్ష్యాలు పెట్టుకున్నాయి కదా, ఆకలి ఉండకూడదు, అందరికీ చదువు ఉండాలి, శుభ్రమైన నీళ్ళు ఉండాలి అంటూ. ఒక్కో లక్ష్యానికి ఒక్కో రంగు గడి. కంపెనీ చేసిన మంచి పనులన్నీ ఆ పదిహేడు గళ్ళలో సర్దడం ఆవిడ ఉద్యోగం.

మంచి పనులు నాలుగు, గళ్ళు పదిహేడు. ఆ లెక్క ఎలా కుదురుతుందని ఆవిడ మొదటి ఏడాది అడిగింది.

"కుదరకపోవడం ఏమిటండీ, మనసు పెట్టాలి గానీ!" అన్నాడు మేనేజరు. "ఇదిగో, పధ్నాలుగో గడి. సముద్రంలో జీవాలు. మన క్యాంటీన్లో చేపల తొట్టి లేదూ?"

ఆయన చెడ్డవాడేమీ కాదు, ఖాళీ గడి కనపడితే ఉండలేడు, అంతే. కొందరు వంకరగా ఉన్న ఫోటోని సరిచేయకుండా ఉండలేరు చూడండి, ఆ బాపతు.

ఈ ఏడాది చిక్కంతా ఆరో గడితో వచ్చింది. ఆరో గడి నీళ్ళది. కంపెనీ ఫ్యాక్టరీ ఇక్కడికి రెండు గంటల దూరంలో ఉంది. దాని గోడ పక్కనే ఒక బడి ఉంది. ఆ బడిలో నలభై కుళాయిలు పెట్టించామనీ, వాటిలో రోజంతా నీళ్ళొస్తున్నాయనీ, పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారనీ మూడేళ్ళుగా నివేదికలో ఉంది. శుక్రవారం విదేశం నుంచి ఒక పరిశీలకురాలు వస్తోంది. ఈసారి ప్రతి గడి కిందా "స్వయంగా చూశాను" అని ఒకరు సంతకం పెట్టాలట.

"మీరే పెట్టండి" అన్నాడు మేనేజరు, బుధవారం.

"నేను చూడలేదు కదండీ."

"ఫోటో చూశారుగా!"

"ఫోటోలో ఒక కుళాయి, ఒక సబ్బు ఉన్నాయండీ. నీళ్ళు లేవు. పోనీ, ఒకసారి వెళ్ళొస్తాను."

"ఇప్పుడు ప్రయాణాలు పెట్టుకుంటే పని తెమలదు." ఆయన సొరుగు లాగి ఒక కవరు బయటికి తీసి, మళ్ళీ లోపల పెట్టాడు. "మీ ఉద్యోగం ఖాయం చేసే ఉత్తరం. మూడేళ్ళ నుంచీ తాత్కాలికం అనిపించుకుంటున్నారు. శుక్రవారం గండం గడిస్తే సోమవారం మీ చేతిలో ఉంటుంది."

సాయంత్రం గళ్ళమ్మ ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఆ సంగతి అత్తగారికి చెప్పింది. ఉల్లిపాయలు మంచివి, కన్నీళ్ళకి కారణం చెప్పక్కర్లేదు. అత్తగారు ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడకి వంట రాదు, ఆ సంగతి ఒప్పుకోదు, అందుకని పక్కన నిలబడి సలహాలు ఇస్తుంది.

"నీళ్ళొస్తున్నాయా, లేదా?"

"తెలీదు అత్తయ్యా."

"తెలీనప్పుడు తెలీదని రాయి."

"రాస్తే ఉద్యోగం ఉండదు. మీ అబ్బాయి వర్క్‌షాపు మూతపడి నాలుగు నెలలైంది. నా జీతం కూడా పోతే ఈ ఇల్లు ఖాళీ చేయాల్సిందే."

అత్తగారు కోడలి చేతిలో కత్తి తీసుకుని పక్కన పెట్టింది.

"జ్వరం చూడకుండానే చార్టులో అంకె వేసేవాళ్ళని చూశాను నేను. అంకె వేశాక ఇంకెవరూ వచ్చి చూడరమ్మా. అదీ దాంతో వచ్చే తంటా. అంకె లేకపోతే కనీసం ఎవరో ఒకరు వచ్చి నుదురు ముట్టుకుంటారు."

మర్నాడు పొద్దున్న గళ్ళమ్మ ఆరో గడి కాగితం చేత్తో పట్టుకుని లిఫ్టు ముందు నిలబడింది. మిగతావాళ్ళు అది చూసి మర్యాదగా మెట్లవైపు నడిచారు.

"చేతిలో ఏముంది?" అన్నాడు లిఫ్టు బాబాయి.

"నివేదిక బాబాయ్."

"బుట్టలో పడేయ్ తల్లీ."

"వద్దు బాబాయ్. ఎక్కడికి తీసుకెళ్తుందో చూద్దాం."

బాబాయి ఆవిడ మొహంలోకి చూశాడు. ఫ్లాస్కు, పేపరు దగ్గర పెట్టుకుని స్టూలు సర్దుకున్నాడు. తలుపు మూసుకుంది. లిఫ్టు పైకి పోలేదు, కిందికీ పోలేదు, పక్కకి చాలాసేపు పోయి ఆగింది. తలుపు తెరుచుకోలేదు.

"అనుకున్నా" అన్నాడు బాబాయి, కప్పులో టీ పోస్తూ. "చింపేస్తావా?"

గళ్ళమ్మ కాగితం వైపు చూసింది. చింపేస్తే బయటపడొచ్చు. కానీ చింపితే ఏది అబద్ధమో తెలియదు కదా. సంచిలోంచి పెన్ను తీసింది. "రోజంతా నీళ్ళొస్తున్నాయి" అన్న ముక్క కొట్టేసింది. తలుపు కిర్రుమని వేలెడు సందు ఇచ్చింది. ఆ సందులోంచి ఎండ, పిల్లల గోల లోపలికొచ్చాయి. సందుకి అవతల రెండు జడల పిల్ల ఒకతి ఒంటికన్ను పెట్టి చూస్తోంది.

"ఏయ్ పాపా, ఇక్కడ కుళాయిలు ఎన్నున్నాయి?"

ఆ పిల్ల పరిగెత్తి వెళ్ళి లెక్కపెట్టి వచ్చింది. "మూడు. ఒకదానికి తల లేదు."

గళ్ళమ్మ నలభై కొట్టేసి మూడు వేసింది. తలుపు జానెడు తెరుచుకుంది.

"సబ్బుతో చేతులు కడుక్కుంటారా?"

"దేంతో కడుక్కుంటాం ఆంటీ, నీళ్ళు లేకుండా?"

అదీ కొట్టేసింది. తలుపు పూర్తిగా తెరుచుకుంది. బాబాయి కప్పు కింద పెట్టి, "వెళ్ళిరా తల్లీ, నేనిక్కడే ఉంటా" అన్నాడు.

బడి చిన్నది. మూడు గదులు, ఒక వరండా. వరండా చివర సిమెంటు తొట్టి మీద మూడు కుళాయిలు వరసగా తుప్పు పట్టి ఉన్నాయి. తరగతి గదిలో కిటికీ చట్రం మీద సబ్బు ఏనుగులు, సబ్బు పిల్లులు, ఒక సబ్బు రైలు బారుగా నిలబెట్టి ఉన్నాయి. కంపెనీ ఏటా పంపే సబ్బులు ఊరికే పోకూడదని హెడ్‌మిస్ట్రెస్ పిల్లల చేత బొమ్మలు చెక్కిస్తోంది. బడంతా మల్లెపూల వాసన, పిల్లల చేతులు మాత్రం మట్టి.

"మరి నీళ్ళకి అర్జీ పెట్టలేదా అండీ?" అంది గళ్ళమ్మ.

"పెట్టకేం! మూడేళ్ళుగా పెడుతూనే ఉన్నాం." హెడ్‌మిస్ట్రెస్ బీరువాలోంచి జవాబుల కట్ట తీసింది. అన్నీ ఒకటే జవాబు. 'మీ బడికి నీటి సదుపాయం ఇప్పటికే కల్పించడమైనది. నివేదిక ఆరవ గడి చూడగలరు.'

గళ్ళమ్మ ఆ కట్టని తిరగేసి చూసింది. ఆ జవాబులు టైపు చేసింది తనే. ఏదో బడి నుంచి అర్జీ వస్తే, నివేదిక చూసి, నిండిన గడి ఉంది కదా అని టైపు చేసింది.

"దీనికంటే విచిత్రం చూపిస్తా రండి" అని హెడ్‌మిస్ట్రెస్ ఆవిడని వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. గోడకి అటు ఫ్యాక్టరీ. గోడకి ఇటు, కుళాయిల తొట్టికి పదడుగుల దూరంలో లావుపాటి పైపు. సబ్బుల తయారీకి నీళ్ళు దానిలోంచే పోతాయి. చెవి ఆనిస్తే గలగలమని వినిపిస్తోంది. పిల్లలు ఎండాకాలం దాన్ని ఆనుకుని కూర్చుంటారట, చల్లగా ఉంటుందని.

మధ్యాహ్నానికి గళ్ళమ్మ సీటు దగ్గరికి వచ్చి కొత్త నివేదిక రాసింది. ఆరో గడిలో ఇలా ఉంది: 'మూడు కుళాయిలు. నీళ్ళు లేవు. మన పైపు పదడుగుల దూరంలో ఉంది.' తనకి నిజమని తెలియని గళ్ళన్నీ ఖాళీగా వదిలేసింది. పదకొండు ఖాళీలు వచ్చాయి. కింద సంతకం పెట్టింది.

మేనేజరు అది చూసి కుర్చీలో కూలబడ్డాడు. "నా కొంప ముంచారండీ! పదకొండు ఖాళీలా? పళ్ళూడిన నోరులా ఉంది." రాత్రికి రాత్రే ఆయన పాత నివేదిక మళ్ళీ ప్రింటు తీయించి, సంతకం జాగాలో తనే పొడి అక్షరాలు గిలికి, శుక్రవారం పొద్దున్న దాన్ని గళ్ళమ్మ చేతిలో పెట్టాడు. "పట్టుకుని నా వెనక నిలబడండి చాలు. మెట్ల మీదుగా పైకి తీసుకురండి. ఏమీ మాట్లాడకండి."

ఆవిడ చేతిలో ఇప్పుడు రెండున్నాయి. పైన ఆయనది, కింద తనది.

కారు ఆగింది. కంపెనీ యజమాని, అందరూ పెద్దాయన అనేవారు, మోకాళ్ళ నొప్పులతో మెల్లగా దిగాడు. పక్కన పరిశీలకురాలు, నెరిసిన జుట్టు, చదునైన చెప్పులు. మేనేజరు పూలగుత్తులతో రెండు చేతులూ నింపుకుని ఎదురెళ్ళాడు. లిఫ్టు దాకా వచ్చాక పరిశీలకురాలు గళ్ళమ్మ వైపు తిరిగింది.

"అది నివేదికేనా? ఇలా ఇవ్వండి. పైకెళ్ళేలోగా చూస్తాను."

మేనేజరు రెండు చేతుల్లోనూ పూలగుత్తులే, అడ్డం పెట్టడానికి చెయ్యి ఖాళీ లేదు. గళ్ళమ్మకి సొరుగులో కవరు కనిపించింది, ఇల్లు కనిపించింది, పైపుకి వీపు ఆనించి కూర్చున్న పిల్లలు కనిపించారు. కింద ఉన్న తన కాగితాలు లాగి, ఆరో గడి పైకి వచ్చేలా తిప్పి ఇచ్చింది.

ముప్పై ఏళ్ళుగా ఎక్కిన ప్రతి మనిషినీ ఒకటే మాట అడిగిన లిఫ్టు బాబాయి ఆ రోజు ఎవరినీ ఏమీ అడగలేదు. పెద్దాయన, పరిశీలకురాలు, మేనేజరు ఎక్కుతుంటే పైకప్పు చూస్తూ దగ్గాడు. తలుపు మూసుకుంది.

గళ్ళమ్మ కింద నిలబడి లెక్క చూసుకుంది. మూడేనా? తల లేనిది కూడా కుళాయి కిందే వస్తుందా? పదడుగులు కొలిచిందా, కంటితో చూసి రాసిందా? ఒక్క మాట తప్పినా పెద్దాయన లిఫ్టులో ఇరుక్కుంటాడు, ఉద్యోగంతో పాటు పరువూ పోతుంది. గంట గడిచింది. కాళ్ళు పీకుతున్నాయి, అయినా కూర్చోబుద్ధి కాలేదు.

తలుపు తెరుచుకుంది. ముందు పెద్దాయన బయటికొచ్చాడు. బూట్ల నిండా దుమ్ము, చేతిలో సబ్బు ఏనుగు. వెనకాల మేనేజరు, పూలగుత్తులు లేవు. బడిలో పిల్లలు లాక్కున్నారట.

"ఈ పైపు ఎవరిదయ్యా?" అన్నాడు పెద్దాయన.

"మనదేనండీ" అన్నాడు మేనేజరు.

"పదడుగులు. నా అంతట నేనే నడిచాను, ఈ మోకాళ్ళతో. సోమవారానికి కలపకపోతే నువ్వే బిందెలతో మోస్తావు."

పరిశీలకురాలు కాగితాలు గళ్ళమ్మకి తిరిగిచ్చింది. "పదేళ్ళుగా అన్ని దేశాల్లో నిండిన గళ్ళే చూశానమ్మా. ఖాళీ గడి చూడటం ఇదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో! చేయాల్సిన పని ఎక్కడుందో తెలుస్తోంది."

"సంతకం ఎవరిది?" అన్నాడు పెద్దాయన.

"నాదండీ."

ఆయన తలూపాడు. "ఇక మీదట ఈవిడ లిఫ్టులో వెళ్ళి చూసొస్తే గానీ ఏ గడీ నింపడానికి లేదు."

గళ్ళమ్మకి అప్పుడు ఒక్కసారి ఊపిరి ఆడింది. బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని, ఉల్లిపాయల సాకు లేకుండానే ఏడ్చింది. హాయిగా ఏడ్చింది.

సోమవారం మేనేజరు ఆ కవరు తనే తెచ్చి ఇచ్చాడు. ఆయన కూడా తేలికపడ్డట్టే ఉన్నాడు, చేపల తొట్టి గురించి ఇక ఎవరికీ వివరించక్కర్లేదు కదా. గళ్ళమ్మ ఆ ఉత్తరం పట్టుకుని లిఫ్టెక్కి చూసింది. తలుపు తిన్నగా ఆరో అంతస్తులో, ఆవిడ కుర్చీ ఎదుట తెరుచుకుంది. అంటే ఉద్యోగం నిజమే. ఇంటికి ఫోను చేసి అత్తగారికి చెప్పింది.

మర్నాడు ఆరో గడి కొత్తగా రాసుకుని మళ్ళీ ఎక్కింది. 'మూడు కుళాయిలు. నీళ్ళొస్తున్నాయి.'

"చేతిలో ఏముంది?" అన్నాడు బాబాయి, తెలిసే.

లిఫ్టు పక్కకి చాలాసేపు పోయి ఆగింది. తలుపు వేలెడు తెరుచుకుని ఊరుకుంది. పైపు కలపలేదా? కలిపి, నీళ్ళు వదల్లేదా? గళ్ళమ్మ సందులోకి వంగింది. అవతల రెండు జడల పిల్ల, మొహం నిండా నురగ.

"నీళ్ళు రావడం లేదా పాపా?"

"వస్తున్నాయి ఆంటీ! కుళాయిలు నాలుగు. నిన్న ఇంకోటి పెట్టారు."

గళ్ళమ్మ నవ్వుతూ మూడు కొట్టేసి నాలుగు వేసింది. తలుపు బార్లా తెరుచుకుంది. వరండా మీద నుంచి నురగ నీళ్ళు పారి వచ్చి ఆవిడ చెప్పులు తడిపి, లిఫ్టులోకి వచ్చి బాబాయి స్టూలు కాళ్ళు కూడా తడిపాయి. ఆయన కాళ్ళు ఎత్తుకోలేదు.