అరవయ్యో మనిషి

మా గైడు ప్రసన్నకుమారి మేడమ్ దగ్గర పీహెచ్‌డీ చేయాలంటే ముందు చెప్పులరగాలి. చక్కెర జబ్బు గురించి, గుండె జబ్బు గురించి తిరుపతిలో ఫ్యాను కింద కూర్చుని చదివితే ఆమెకు ఆనదు. అరవై ఇళ్లకు పోవాలి. నిన్న ఏమేం తిన్నారో అడిగి రాసుకోవాలి, బీపీ, షుగరు చూడాలి. మూడు నెలలకు మళ్లీ అవే ఇళ్లకు పోవాలి.

మే నెలలో నన్ను బంగారుపాళ్యం అవతలి పల్లెలకు తోలింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు నడిచే రోజుల్లో అక్కడ పగలు ఇంట్లో మనిషి దొరికితే ఒట్టు. యాభై తొమ్మిది ఇళ్లు పూర్తయ్యేసరికి నా ఓపిక కూడా పూర్తయింది. బస్టాండులో కూర్చుని అరవయ్యో మనిషిని నేనే పుట్టించాను. పేరు కుప్పమ్మ, వయసు యాభై రెండు, గుజ్జు ఫ్యాక్టరీలో కూలి. నేను చివర తిరిగిన వీధిలో ఇళ్లు ముప్పైకి మించవని చూసుకునే, ఇంటి నంబరు నలభై ఒకటి వేశాను. బీపీ 190/110, షుగరు 342. అంకెలు పెద్దవైతే గ్రాఫు అందంగా వస్తుంది కదా.

మూడు నెలలకు మళ్లీ ఇదే అబద్ధం అల్లడం ఎవరి వల్ల అవుతుంది? అందుకని రెండో ఫారం కూడా అప్పుడే తీసి, 'ఆగస్టు 12న గుండెపోటుతో మరణం' అని రాసి సంచిలో పెట్టేసుకున్నాను. చేతులు దులుపుకుని బస్సెక్కాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు కొంచెం కూడా సిగ్గనిపించలేదు.

ఆగస్టులో మేడమ్ చీటీలు తీసింది. ప్రతి విద్యార్థి రాసిన అరవై పేర్లలో ఐదింటిని చీటీ వేసి తీసి, ఆ ఇళ్లకు తనే వచ్చి సరిచూడటం ఆమె పద్ధతి. నా వాటాలో మొదటి చీటీ కుప్పమ్మదే. పన్నెండో తేదీ పొద్దున మేడమ్ కారులో బయల్దేరాం. ఊరొదిలి పోయినట్టుందని చెప్పి తప్పించుకుందామనుకున్నాను.

వీధి చివర, ముప్పయ్యో ఇంటి పక్కనే, ఒక తలుపు మీద నలభై ఒకటి అని ఉంది.

"వచ్చినావా పాపా," అంది గడపలో నిలబడ్డ ఆడమనిషి. "మూణ్ణెల్ల నుంచి సూస్తా ఉండా. లోపలికి రాండి."

ఒకటే గది. గ్యాస్ పొయ్యి, టీవీ. చాప లేదు, బిందె లేదు, గోడకు క్యాలెండరు లేదు. ఫారంలో 'ఉంది' అని నేను టిక్కు పెట్టినవి ఆ రెండే.

నిన్న ఏమేం తిన్నావని మేడమ్ అడిగింది.

"పొద్దన రాగిసంగటి, సెనక్కాయల ఊరుబిండి. మద్దేనం అన్నం, పప్పు. రేత్రికి రెండు మామిడిపండ్లు."

నేను రాసిన వరసలోనే చెప్పింది.

"మామిడి కాలం అయిపోయింది కదమ్మా," అంది మేడమ్. "పండ్లు యాడివి?"

"ఏమో మేడమ్. నాకు దినామూ అవే," అంటూ కుప్పమ్మ నా వైపు చూసింది.

బీపీ 190/110. షుగరు 342. మేడమ్ నా పాత ఫారం పక్కన పెట్టుకుని మొహం చిట్లించింది.

"రెండు నిమిషాల తేడాలో చూసినా అంకె మారతాది. మూణ్ణెల్లకి కూడా మారలేదంటే ఏంది లోహితా ఇది?"

నేను బీపీ మిషను సంచిలో సర్దాను. ఈ రోజే ఆస్పత్రికి పొమ్మని మేడమ్ చీటీ రాసి కుప్పమ్మ చేతికిచ్చి లేచింది.

"ఈపొద్దు కుదరదు మేడమ్," అంది కుప్పమ్మ. "ఫ్యాక్టరీకి పోవాల."

ఫ్యాక్టరీలు మూతపడి పది రోజులైంది.

"మనమే తీసుకుపోదాం మేడమ్," అన్నాను.

"చీటీ ఇచ్చినాం గదా. ఇంకా నాలుగిండ్లు ఉండాయి, పద."

నోరు మూసుకుంటే నేను డాక్టర్ లోహితనవుతాను. ఈమె మాత్రం ఈ రోజు దాటదు. సంచిలోంచి రెండో ఫారం తీసి ఇచ్చాను.

"ఈమెను నేనే కల్పించినాను మేడమ్. బస్టాండులో కూర్చోని రాసినాను."

మేడమ్ ఫారం చదివింది. ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. మళ్లీ చదివింది.

"నీ పీహెచ్‌డీ ఈడితో అయిపోయింది," అంది. "ముందు ఆమెను కారెక్కించు."

చిత్తూరు దగ్గర పడేసరికి కుప్పమ్మ చేయి నా చేతిలో చల్లబడిపోయింది. రొమ్ములో పట్టేసినట్టుందంది. ఆస్పత్రిలో స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. నర్సు కాగితం తెచ్చి, ఈమె తరఫున సంతకం ఎవరు పెడతారని అడిగింది.

కుప్పమ్మ నా చున్నీ పట్టుకుంది.

"పిల్లోళ్లు ఎంతమంది అన్న కాడ సున్నా పెట్టినావే పాపా," అంది. ఆ గొంతులో కోపం లేదు. "ఒక్క బిడ్డనన్నా రాసుంటే నీ సొమ్మేం పోతాది?"

బిడ్డను రాస్తే ఆ బిడ్డ వయసు, ఎత్తు, బరువు, తిండి అన్నీ కలిపి ఇంకో పేజీ నింపాలి. అందుకే సున్నా పెట్టాను. ఆ మాట ఆమెతో ఏ మొహం పెట్టుకుని చెప్పను? నాకు ఏడుపు ఆగలేదు.

నర్సు దగ్గర కాగితం తీసుకుని, సంబంధం అన్నచోట 'కూతురు' అని రాసి సంతకం పెట్టాను. మేడమ్ ఆ కాగితం చూసి నర్సుకు అందించింది. స్ట్రెచరు లోపలికి తీసుకుపోయారు. గోడ గడియారంలో ఒంటిగంట. పన్నెండో తేదీ అయిపోవడానికి ఇంకా పదకొండు గంటలుంది. తలుపు ఎదురుగా బల్ల మీద కూర్చున్నాను.