బిడ్డ ఏటికి అవతల

పెటిగ్రూ దొర మమ్మల్ని మిస్సోరీ నది దాటించి కాన్సాస్ నేల మీద దించినప్పుడు బండిలో మొక్కజొన్న పిండి, ఉప్పు పట్టించిన పంది మాంసం, రెండు గొడ్డళ్లు, ఒక ఇనుప పెనం ఉన్నాయి. మా టెంపీ లేదు. దానికి అప్పుడు ఆరేళ్లు. పసిబిడ్డ ఉయ్యాల ఊపడానికి ఇంట్లో మనిషి కావాలని దొరసాని అట్టే పెట్టుకున్నారు. అసలు సంగతి నాకూ, మా ఆయన సైలస్‌కూ తెలుసు. ఆ బయలులో మాకు కాపలా ఎవరూ లేరు. బిడ్డ వాళ్లింట్లో ఉండగా కాపలా ఎందుకు?

ఆ కొత్త నేల మీద బానిసలు ఉండవచ్చా, కూడదా అన్న దానిపై దేశం రెండుగా చీలుతోంది. అక్కడ కాపురమున్నవాళ్లే ఓట్లేసి తేల్చుకోవాలన్నారు. దాంతో దక్షిణాదివాళ్లూ ఉత్తరాదివాళ్లూ పోటీపడి వచ్చి గుడిసెలు వేశారు. వేసిన గుడిసెలో మనిషి లేకపోతే ఆ నేలను మరొకడు ఆక్రమించుకుంటాడు. మిస్సోరీలో పొలాలూ పెద్ద ఇల్లూ వదిలి రావడం మా దొరకు ఇష్టం లేదు. తన బదులు మమ్మల్ని పెట్టాడు.

"పొద్దునా సాయంత్రం పొయ్యి వెలగాలి. దారిన పోయేవాడికి ఇంట్లో మనుషులున్నారని తెలియాలి. బుద్ధిగా ఉంటే మీ పిల్లా బాగానే ఉంటుంది" అన్నాడు.

అప్పుడప్పుడూ వచ్చి చూసుకునేవాడు. టెంపీ ఎలా ఉందని అడిగితే, "పెరుగుతోంది, బూట్లు పట్టడం లేదు" అనేవాడు. ఆ ఒక్క మాటతో మళ్లీ వచ్చేదాకా బతికేదాన్ని.

వాగు అవతల గుడిసె స్టోడార్డ్‌ది. మసాచుసెట్స్ నుంచి వచ్చిన ఉత్తరాది మనిషి. ఒకనాడు నిప్పు కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"తాళం లేదు, గొలుసు లేదు. ఉత్తరానికి నడిచిపోతే మిమ్మల్నెవడు పట్టుకుంటాడు? ఏమయ్యా సైలస్, మీ దొరంటే అంత ప్రేమా?"

"ప్రేమేనయ్యా. ఆయన తిట్టకపోతే నాకు అన్నం సయించదు" అన్నాడు సైలస్.

స్టోడార్డ్ నవ్వలేదు. సైలస్ కట్టెలు కింద పెట్టి, "మా పిల్ల అక్కడుంది" అన్నాడు.

"వయసులో ఉన్నారు. పిల్లలు మళ్లీ పుడతారు."

నేను పెనం మీద రొట్టె తిప్పుతూ అడిగాను. "మీకెంతమందయ్యా?"

"నలుగురు."

"అయితే ఒకరిని మాకిచ్చిపోండి. మీకు మళ్లీ పుడతారుగా."

అతని ముఖం ఎర్రబడింది. నిప్పు తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

ఆ వేసవిలో దక్షిణాదివాళ్లు ఉత్తరాదివాళ్ల ఊరొకటి తగలబెట్టారు. దానికి బదులుగా ఉత్తరాదివాళ్లు తుపాకులు పట్టుకుని దక్షిణాదివాళ్ల గుడిసెల మీద పడ్డారు. మా గుమ్మం ముందుకు వచ్చినవాళ్లలో స్టోడార్డ్ కూడా ఉన్నాడు. మమ్మల్ని బయటకు రమ్మని, చూరుకు నిప్పు పెట్టి, "ఇక మీరు స్వతంత్రులు" అన్నాడు. మంచి చేశాననే అనుకున్నాడు. ఇల్లు కాలిందన్న కబురు దొర చెవిన పడితే టెంపీ ఏమవుతుందో అతనికి తట్టలేదు. మాకు ఇంకో ఆలోచన లేదు.

వాళ్లు మమ్మల్ని బండిలో తమ ఊరికి తీసుకుపోతుంటే సైలస్ అడిగాడు. "మా పిల్లను తెచ్చుకున్నాక ఇక్కడే ఓ చెక్క నేల దున్నుకోవచ్చా అయ్యా?"

స్టోడార్డ్ పగ్గాల వంక చూస్తూ, "ఇక్కడ కుదరదు. బానిసలూ వద్దు, నల్లవాళ్లూ వద్దని మావాళ్లు ఓటేశారు. ఉత్తరానికి పంపిస్తాం" అన్నాడు.

"మీరూ వేశారా?"

"నేనొక్కణ్ణి వేయకపోతే ఆగేదా?"

సైలస్ నా చెవిలో, "నేల కోసం కొట్టుకుంటున్నారే వైనీ. మధ్యలో మనం కంచె గుంజలం" అన్నాడు.

తెల్లారగానే తూర్పుకు, టెంపీ ఉన్న మిస్సోరీ వైపు బయలుదేరాం. స్టోడార్డ్ భార్య రొట్టెలు మూటగట్టి ఇస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది. "చేతికొచ్చిన స్వాతంత్ర్యం వదులుకుని పోతారటమ్మా?"

"పిల్లను తెచ్చుకుని వచ్చి తీసుకుంటాం తల్లీ" అన్నాను.

రేవు దగ్గర బల్లకట్టువాడు, బానిసలు దారిన పోవాలంటే దొర రాసివ్వాల్సిన అనుమతి చీటీ ఏదన్నాడు. ఇంటితోపాటే కాలిపోయిందన్నాం. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇటు, దొర దగ్గరికి తిరిగిపోయేవాళ్లను చీటీ అడగడం నాదే బుద్ధితక్కువ. అటు పోయేవాళ్లనే పట్టుకోమన్నారు. ఎక్కండి, ఎక్కండి."

టెంపీ వాకిట్లో దొరసాని బిడ్డను చంకనేసుకుని నిలబడి ఉంది. చేతిలో బిడ్డ ఉంది కాబట్టి పరుగెత్తుకు రాలేదు. నేనే పరుగెత్తాను.

కబురు మాకంటే ముందే వచ్చింది. దొర మమ్మల్ని చూసి మురిసిపోయాడు. చుట్టుపక్కల దొరలను పిలిచి, "విడిపించినా తిరిగొచ్చారు, చూశారా" అని చూపించాడు. సైలస్‌కు సారా కూడా పోయించాడు.

వాళ్లలో ఒక ముసలి దొర నవ్వలేదు. నేను గ్లాసులు అందిస్తుండగానే అన్నాడు. "వచ్చింది నీ కోసమా పెటిగ్రూ? పిల్ల కోసం. ఇప్పుడు పిల్ల చేతికొచ్చింది. ఈసారి ముగ్గురూ పోతారు."

దొర నవ్వు ఆగిపోయింది. ఆ వారంలోనే టెక్సాస్ కొత్త పత్తి పొలాలకు మనుషులను తోలుకుపోయే వ్యాపారి వచ్చాడు. సైలస్‌ను ఒక్కణ్ణే అమ్మారు. ఆడదాన్ని కట్టెయ్యడానికి పిల్ల చాలునన్నారు.

సైలస్ చేతులు కట్టేసి ఉన్నాయి. టెంపీ వాళ్ల నాన్న కాలు పట్టుకుని వదల్లేదు. నేను ఏడుస్తూ, "అక్కడే ఉండిపోవాల్సిందయ్యా" అన్నాను.

"ఉండి ఏం చేసేవాళ్లమే?" అన్నాడు సైలస్. "పిల్లను తీసుకో. నడిచే దారిలో నేను వెనక్కి చూస్తే అది నీ చంకలో కనబడాలి."

టెంపీ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ఎత్తుకున్నాను. దారి మలుపు తిరిగేదాకా ఎత్తి పట్టుకునే నిలబడ్డాను.