ఫొటోలో పట్టని మొక్కజొన్న

ఆ ఏడు మా మొక్కజొన్న ఎంత ఏపుగా పెరిగిందంటే, దారిన పోయే కొంగలు కంకుల మీద వాలి, కాస్త ఊపిరి పీల్చుకుని మళ్ళీ పైకి ఎగిరేవి. మేం మురిసిపోతుండగా పంటసాయం రాసుకోవడానికి వ్యవసాయాఫీసరమ్మ వచ్చింది. రైతు ముఖమూ పైరు కొసా ఒకే ఫొటోలో కనబడాలట. లేకపోతే ప్రభుత్వం డబ్బు రాదు. అది రాకపోతే వచ్చే పంటకు మాకు విత్తనాల్లేవు.

కొస పడితే నేను చీమంత అయిపోతున్నాను. నేను పడితే కొస పడటం లేదు.

"ఒకటి నరికి దాని కొస ఈయన పక్కన పెడదామా అమ్మా?" అంది మా ఆవిడ.

"నరికినదానికి ఇవ్వరక్కా," అంది ఆఫీసరమ్మ.

బావమరిది నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఇద్దరం బురదలో పడ్డాం.

"ఎరువంతా పైరుకే వేశావనుకున్నా బావా, సగం నువ్వే తిన్నట్టున్నావు," అన్నాడు వాడు.

ఆఫీసరమ్మ నవ్వి, ఇస్త్రీ బట్టలతోనే ఆ బురదలో వెల్లకిలా పడుకుంది. ఫోను ఆకాశంవైపు ఎత్తి, "అన్నా, నా తల దగ్గర నిలబడి కిందికి చూడు," అంది. ముఖమూ కొసా ఒక్కసారే పడ్డాయి.

విత్తే వేళకి ముందే డబ్బు వచ్చింది. ఆమె పడుకున్న చోట నేను ఇప్పటికీ చెప్పులు విప్పే నడుస్తాను.