లుస్ దారీ సొరుగులోని మాత్రలు

బర్రాంకియా ఊళ్లో మా అత్తగారింట్లో కింది వాటా మాది, పై వాటా మా మరిది వాళ్లది. నేను పెద్దకోడలిని. ఏటా వీధుల్లో జరిగే కార్నివాల్ పండగ దుస్తులకు తళుకులు కుడతాను. పెళ్లయి ఏడేళ్లయినా నా కడుపు పండలేదు. చిన్నకోడలు లుస్ దారీ కాపురానికొచ్చి రెండేళ్లే. ఇద్దరిదీ ఒకటే లోపం: నెలనెలా అండం విడుదల కాదు. ఇద్దరం ఒకే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లేవాళ్లం.

అండం ఎదగడానికి నాకు క్లోమిఫెన్ మాత్రలు రాసింది. నాలుగు నెలలు మింగాను. ఒంట్లో ఆవిర్లు, ఊరికే ఏడుపు. స్కానింగులో మాత్రం అండం ఎదిగేది కాదు. లుస్ దారీకి రాసింది లెట్రోజోల్ అని నాకు తర్వాత తెలిసింది. రెండో నెలకే, ఆదివారం భోజనాల దగ్గర, వేపిన చేప వాసనకు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచిపోయింది. అత్తగారు చెంచా కింద పెట్టి నవ్వింది. నేనూ నవ్వాను, దవడలు నొప్పి పుట్టేదాకా.

ఆ సాయంత్రం పైకెళ్లి అడిగాను. "నీకేం మాత్రలిచ్చిందే?"

"పేరు గుర్తులేదక్కా. చిన్నవి, పసుప్పచ్చవి. నీవి తెల్లవి కదూ?"

"ఆవిర్లు రాలేదా?"

"కాస్త తలనొప్పి, అంతే. నా ఒంటికి పడ్డాయి."

మంచి మందు దానికి, పనికిరానిది నాకు. డాక్టరమ్మకు కూడా చిన్నకోడలే ముద్దు. వారమంతా ఇదే ఆలోచన. అది మార్కెట్టుకెళ్లినప్పుడు దాని సొరుగులో మిగిలిన మాత్రల అట్ట తీసుకున్నాను. నెలసరి రాగానే నా మాత్రలతో పాటు అవీ ఐదు రోజులు మింగాను.

స్కానింగ్ తెర చూస్తూ డాక్టరమ్మ ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. "ఒమైరా, నాలుగు అండాలు ఒకేసారి ఎదిగాయి. ఏం వేసుకున్నావు?"

చెప్పేశాను.

"ఈ నెల మీ ఆయనకు దూరంగా ఉండు. ముగ్గురో నలుగురో ఒకేసారి కడుపున పడితే నీకే ప్రమాదం. ఏ మందు ఎవరికి పడుతుందో వాడి చూస్తేగానీ తెలీదమ్మా. క్లోమిఫెన్ కొందరికి గర్భసంచి లోపలి పొరను పలచన చేస్తుంది, నీకూ చేసింది. ఈసారి నీకు లెట్రోజోలే రాద్దామనుకున్నాను."

తలెత్తలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి లుస్ దారీ మెట్ల మీద కూర్చుని ఉంది.

"నా మాత్రలు నువ్వే తీశావు."

"తీశాను."

"అడగొచ్చుగా."

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు. పేరు గుర్తులేదన్నది కూడా అబద్ధమే. ఈ ఇంట్లో ముందు నా బిడ్డే పుట్టాలనుకున్నాను. అత్తగారు కూరలో ఉప్పు కూడా నిన్నడిగే వేస్తుంది. నేనంటూ ఒకదాన్ని ఉన్నానని ఎవరికైనా గుర్తుందా?"

నన్ను చూసి ఏడ్చే మనిషి కూడా ఒకతె ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ నెల వృథా అయింది. తర్వాత డాక్టరమ్మ రాసిన లెట్రోజోల్ ఒక్కటే వేసుకున్నాను. మొదటి నెల ఏమీ లేదు. రెండో నెల ఒక్క అండం ఎదిగి విడుదలైంది, కడుపు మాత్రం నిలవలేదు. మూడో నెల నిలిచింది. అప్పటికి లుస్ దారీకి ఆరో నెల.

మా ఆయనకంటే ముందు పైకెళ్లి దానికే చెప్పాను. దాని ముఖం ఒక్క క్షణం మాడింది. తర్వాత మంచం మీద జరిగి చోటిచ్చింది.

"కూర్చో అక్కా, మెట్లెక్కి వచ్చావు."

"ఏడుపుగా ఉందా?"

"కొంచెం," అంది.