ఫోన్ చేసినవాళ్ళే పెట్టాలి

ఆస్పత్రివాళ్ళు ఆమెను మర్యాదగానే పంపించారు, ఆ మాట ఒప్పుకోవాలి. పూలగుత్తి ఇచ్చారు, చప్పట్లు కొట్టారు, ఫోటో తీసుకున్నారు. మర్నాడు ఆమె స్థానంలో కుర్చీ కూడా అక్కర్లేని ఒక మరను పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ ఆస్పత్రికి ఫోన్ చేస్తే, డాక్టరు కావాలంటే ఒకటి నొక్కండి, బిల్లుల విభాగమైతే రెండు నొక్కండి అంటుంది. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు ఏది నొక్కాలో మాత్రం చెప్పదు.

అక్కడ అందరూ ఆమెను లైనక్క అనేవారు. ఇరవై ఏళ్ళకు పైగా టెలిఫోన్ ఆపరేటరుగా కూర్చుని, "కాస్త లైన్లో ఉండండి" అని అనీ అనీ ఆ పేరు స్థిరపడిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఊరి సంగతి ఏమో గానీ, ఆ ఆస్పత్రికి వచ్చిన మంచిపేరులో సగం ఆమె గొంతుదే. పని నేర్పిన పెద్ద ఆపరేటరు మొదట్లోనే ఆమెకొక పద్ధతి చెప్పింది. ఫోన్ చేసినవాళ్ళే పెట్టాలి, మనం ముందు పెట్టకూడదు. మనుషులు అసలు మాటను ఆఖరికి దాచుకుంటారు. గదులు ఖాళీ ఉన్నాయా అంటారు, చూడ్డానికి ఎప్పుడు రావచ్చంటారు, ఇక పెట్టేస్తారనుకున్నప్పుడు, "మా అమ్మ బతుకుతుందంటారా?" అని అడుగుతారు. ఆ మాట కోసం ఆగాలి. లైనక్క ఇన్నేళ్ళలో ఎవరి ఫోనూ ముందు పెట్టలేదు.

ఈ పద్ధతి వల్ల అందరికన్నా ఎక్కువ బాగుపడినవాడు ఆమె అన్నయ్య. ఫర్నిచర్ షాపు ఆయనది. చెల్లెలికి ఫోన్ చేశాడంటే ప్రశ్నా ఆయనదే, జవాబూ ఆయనదే. అంతా అయ్యాక తృప్తిగా పెట్టేసేవాడు. ఆమె ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి ఆయనది ఒకటే పాట, ఆ గది ఖాళీ చేసి మా ఇంటికి వచ్చెయ్ అని. చెల్లెలంటే ప్రాణం. భర్త పోయాక ఆమె ఒక గదీ వంటిల్లూ అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండటం ఆయనకు మొదట్నుంచీ మింగుడు పడలేదు. అన్నయ్య ఇంట్లో తిండికీ మర్యాదకూ లోటుండదని లైనక్కకు తెలుసు. ఉండనిదల్లా తన తలుపు, తన తాళంచెవి. అవి పోతే జీవితాంతం ఇంకొకరింటి మనిషిగా మిగిలిపోతానని ఆమెకు భయం. అద్దె గడువు నెలాఖరుకి ముగుస్తోంది. ఉద్యోగం లేని మనిషికి ఇంటి యజమాని గడువు పొడిగించడు. ఈలోగా పని దొరకాలి. ఆమె పట్టుదలంతా అందులోనే ఉంది.

ఆమెకు దొరికిన సైన్యం ఒక్కతే, అన్నయ్య కూతురు. ఈమధ్యే నానా తిప్పలూ పడి ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల, ఆ తిప్పలు ఎవరికో ఒకరికి నేర్పితే గానీ నిద్రపట్టని పిల్ల. తండ్రికి తెలియకుండా తన పాత ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని వచ్చింది.

"ఉద్యోగం వెతకడం కూడా ఉద్యోగమే అత్తా. పొద్దున్నే తయారై కూర్చోవాలి," అంది.

లైనక్క దాన్ని అక్షరాలా పాటించింది. పాత డ్యూటీ వేళకే ఇస్త్రీ బట్టలు కట్టుకుని, భోజనం డబ్బా సర్దుకుని, మంచం మీద నుంచి లేచి కిటికీ పక్క బల్ల దగ్గరికి ఉద్యోగానికి వెళ్ళేది. మధ్యాహ్నం ఆ డబ్బా అక్కడే విప్పుకుని తినేది.

రెజ్యూమే దగ్గర మాత్రం ఇద్దరికీ చుక్కలు కనిపించాయి. లైనక్క రాసుకున్నది ఒక్క ముక్క, ఫోన్లు ఎత్తి కలిపేదాన్ని అని. ఏం చేశావో కాదు, దానివల్ల ఏం జరిగిందో రాయమంది పిల్ల. ఏం జరుగుతుంది, ఫోన్ కలుస్తుంది అంది లైనక్క. ముందుగా చదివేది మనిషి కాదు, కంప్యూటరు, ప్రకటనలో ఉన్న మాటలు నీ దాంట్లో కనబడకపోతే పక్కన పడేస్తుంది అని పిల్ల వివరించింది. అంటే ఉద్యోగం తీసేసిందీ మరే, ఉద్యోగం ఇవ్వాల్సిందీ మరేనన్నమాట. లైనక్క ఒళ్ళు మండింది. అయినా కూర్చుని, ఒక్కో ప్రకటనకు ఒక్కో రెజ్యూమే, దాని మాటలు దానికి తగిలించి పంపింది. ఏ ఎండకా గొడుగు పట్టడం ఆమెకు అలవాటు లేదు గానీ, తడవడం అంతకన్నా ఇష్టం లేదు. జవాబులు వచ్చాయి. అన్నీ ఒకే గొంతుతో, మీకు అంతా మంచే జరగాలని కోరుకుంటూ వద్దన్నాయి.

అప్పుడు పిల్ల రెండో పాఠం ఎత్తుకుంది. చాలా ఉద్యోగాలు ప్రకటన దాకా రానే రావు, తెలిసినవాళ్ళను అడగాలి అని. లైనక్కకు మొహమాటం. పైగా ఆమెకు తెలిసినవి గొంతులే, మొహాలు కావు. దారిలో ఎదురుపడితే ఒక్కరినీ గుర్తుపట్టలేదు. కానీ అడగనిదే అమ్మైనా పెట్టదు. గుండె చిక్కబట్టుకుని వరసగా చేసింది: డాక్టర్లకు, అంబులెన్సు డ్రైవర్లకు, మందుల దుకాణాలకు. అందరూ గొంతు వినగానే పోల్చుకున్నారు. చిక్కల్లా ఒకటే. చేసింది తనే అయినా ముందు పెట్టడం ఆమెకు చేతకాలేదు. మాటలన్నీ అయిపోయాక రిసీవరు చెవికి ఆనించుకున్నట్టే సెల్‌ఫోన్ ఆనించుకుని కూర్చునేది. అవతలివాళ్ళే కాసేపు చూసి పెట్టేసేవారు.

అలా చేసిన వాటిలో ఒకటి ఆస్పత్రి లిఫ్టు బాగుచేయడానికి వచ్చే మెకానిక్కుది. మా కంపెనీలోనే మనిషి కోసం చూస్తున్నారక్కా అన్నాడు అతను. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు లోపలున్న ఎర్ర మీట నొక్కితే ఫోన్ ఆఫీసుకు వస్తుంది. మెకానిక్కు చేరేదాకా వాళ్ళతో మాట్లాడే మనిషి కావాలి. లైనక్కకు ఆ క్షణంలోనే ఆ పని తనదనిపించింది. ఇన్నాళ్ళూ ఏదో ఒకటి దొరికితే చాలనుకున్నది కాస్తా, ఇప్పుడు అదే కావాలనుకుంది.

కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూకి రమ్మనలేదు, లింకు పంపారు. తెర మీద ప్రశ్న పడుతుంది, కెమెరా వైపు చూస్తూ జవాబు చెప్పాలి, అవతల ఎవరూ ఉండరు. పిల్ల సాధన చేయించింది. లైనక్కకు శ్రద్ధగా వినేటప్పుడు కళ్ళు మూసుకునే అలవాటు. కళ్ళు మూసుకుంటే నిద్రపోతున్నావనుకుంటారని పిల్ల ఒక కాగితం మీద రెండు కళ్ళు గీసి కెమెరా పక్కన అంటించి, వాటితో మాట్లాడమంది. చెప్పాల్సిన జవాబులు ప్రకటన మాటలతో కట్టి బట్టీ పట్టించింది. జవాబుకిచ్చిన సమయం అయిపోగానే దానంతట అదే ఆగిపోతుంది, నువ్వేమీ నొక్కక్కర్లేదని ధైర్యం చెప్పి తన ఆఫీసుకు వెళ్ళిపోయింది.

లైనక్క తలుపు దగ్గరగా వేసి, కాగితం కళ్ళ ముందు కూర్చుంది. కోపంతో ఉన్న వ్యక్తితో ఎలా వ్యవహరిస్తారు అని అడిగింది తెర. సమర్థమైన సమాచార నైపుణ్యాలతో, సానుకూల దృక్పథంతో అని ఏకరువు పెట్టింది ఆమె. తన గొంతు తనకే వినబడుతోంది. తన స్థానంలో కూర్చున్న ఆ మర అచ్చం ఇలాగే మాట్లాడుతుంది. సిగ్గేసింది, అయినా ఆగలేదు. ప్రశ్నలు ఒక్కొక్కటే వచ్చి వాటంతట అవే ఆగిపోయాయి. చివరిది, మీరింకా ఏమైనా చెప్పదలచుకున్నారా అని. లేదండీ, ధన్యవాదాలు అంది. రికార్డవుతోందని చూపే ఎర్ర చుక్క ఆరలేదు. ఆ ప్రశ్నకు సమయం లెక్క లేదనీ, ముగించు అన్నచోట తనే నొక్కాలనీ పిల్లకే తెలియదు, ఇక ఆమెకేం తెలుస్తుంది. చేసింది వాళ్ళు కాబట్టి వాళ్ళే పెడతారని చేతులు కట్టుకుని కూర్చుంది.

అన్నయ్య వచ్చింది అప్పుడే. భుజాన షాపులోని ఖాళీ అట్టపెట్టెలు. సామాను సర్దడానికి తెచ్చాడు. కెమెరా ముందు చెల్లెలు, కాగితం మీద కళ్ళు, బల్ల మీద భోజనం డబ్బా చూసేసరికి ఆయనకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఈ వయసులో పిల్లలతో పోటీపడి ఈ భాగోతం ఏమిటన్నాడు. అన్న బతికుండగా చెల్లెలు పని కోసం ఊరందరినీ ఫోన్లలో దేబిరిస్తోందని షాపుకొచ్చి చెబుతున్నారన్నాడు. తన కూతుర్నీ తిట్టాడు, ల్యాప్‌టాప్‌నూ తిట్టాడు. ఊపులో అట్టపెట్టె మీద కూర్చోబోతే అది కూలబడింది, లేచి దాన్నీ తిట్టాడు. లైనక్క కుర్చీ ఆయన వైపు తిప్పుకుని కళ్ళు మూసుకుని వింది. ఒక్కసారీ అడ్డు పడలేదు. ఆయన తిట్లు అయిపోయి నిశ్శబ్దం వచ్చాక కూడా ఏమీ అనలేదు, ఆగింది.

"ఆమధ్య నీకు జ్వరం వచ్చినప్పుడు ఫోన్ చేస్తే ఎత్తలేదు నువ్వు," అన్నాడు అన్నయ్య. గొంతు మారిపోయింది. "షాపు నుంచి ఇక్కడికి వచ్చేసరికి నా కాళ్ళు నావి కావు. ఇంకోసారి అలా ఎత్తకపోతే నేనేం చెయ్యాలో చెప్పు."

లైనక్క కళ్ళు తెరిచింది. ఇదన్నమాట. ఆమెకు అన్నయ్య మీద జాలి, ప్రేమ ఒక్కసారే పొంగుకొచ్చాయి.

"రోజూ పొద్దున నేనే చేస్తాను," అంది. "నువ్వు ఎదురుచూసి భయపడక్కర్లేదు. గది మాత్రం ఖాళీ చెయ్యనన్నయ్యా. ఇది నా తలుపు. ఈ ఉద్యోగం రాకపోతే ఇంకోటి వెతుకుతాను, అదీ రాకపోతే మరోటి."

చూద్దాంలే అన్నాడాయన. పెట్టెలు అక్కడే వదిలి, నెలాఖరుకు పనికొస్తాయని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె బల్ల వైపు తిరిగింది. ఎర్ర చుక్క అలాగే వెలుగుతోంది.

సాయంత్రం పిల్ల వచ్చి ముగించు నొక్కాక, జరిగింది విని తల పట్టుకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా, ఇంటి గుట్టంతా కంపెనీకి చేరిపోయింది, వెనక్కి తీసుకునే వీల్లేదు. మర ఎలాగూ చివరిదాకా వినదేమో, మాట్లాడకుండా ఊరుకో అత్తా అని సలహా ఇచ్చింది. ఊరుకున్నంత ఉత్తమం లేదన్నది మంచి మాటే. కానీ అది ఉద్యోగం ఉన్నవాళ్ళకు పనికొస్తుంది. ఇంటర్వ్యూ అయ్యాక వాళ్ళకొక సందేశం పంపాలని నువ్వే కదా చెప్పావు అంటూ లైనక్క తనే కూర్చుని రాసింది. చివరి భాగంలో మా ఇంటి మాటలు పడ్డాయి, మన్నించాలి, చేసినవాళ్ళే పెట్టాలన్నది నేను నేర్చుకున్న పద్ధతి, అందుకని ఆపలేదు అని. పిల్ల వద్దు వద్దంటుండగానే పంపేసింది.

ఆ తర్వాత రోజూ పొద్దున ఆమె అన్నయ్యకు ఫోన్ చేసింది. ఆయన అలిగి ఉన్నాడు. ఊఁ అనేవాడు, అంతే. ఆమెకు పెట్టడం రాదు, ఆయనకు పెట్టబుద్ధి కాదు. ఇద్దరూ కాసేపు ఒకరి ఊపిరి ఒకరు విని, షాపులో ఎవరో పిలిస్తే ఆయన పెట్టేసేవాడు. గది మూల అట్టపెట్టెలు అలాగే ఉన్నాయి. ఆమె వాటిలో ఒక్క గిన్నె కూడా పెట్టలేదు. ప్రకటనలు చూస్తూనే ఉంది, రెజ్యూమేలు పంపుతూనే ఉంది.

నెల చివరికి వచ్చేస్తుండగా లిఫ్టుల కంపెనీ మేనేజరు ఫోన్ చేసింది. మాట కరుకు, మనిషి సూటి. మీ జవాబులకు కంప్యూటరు చాలా తక్కువ మార్కులు వేసిందండీ, ఆ వరసలో నేను మీ దాకా వచ్చేదాన్నే కాదు అంది. మీ సందేశం చూసి, ఏమిటీ వింత అని చివరి భాగం పెట్టుకుని విన్నానంది.

"ఒక్కటి అడుగుతాను," అంది మేనేజరు. "ఆయన అన్నేసి మాటలంటుంటే మధ్యలో ఒక్కసారైనా అడ్డుపడలేదేం?"

"అసలు మాట ఇంకా రాలేదు కదండీ," అంది లైనక్క.

ఇది బట్టీ పట్టింది కాదు, ఏ ప్రకటనలోనూ ఉన్నది కాదు. మేనేజరు గొంతులో కరుకు తగ్గింది. తలుపు తెరుచుకునేదాకా లోపలి మనిషిని వదలకూడదు, మా పని మొత్తం అదేనండీ అంది. సోమవారం రమ్మంది. నియామకపత్రం ఆరోజే పంపుతానంది. ఇక ఉంటానంది. లైనక్క ఆగింది. మేనేజరు చిన్నగా నవ్వి, చేసింది నేనే కదూ అని పెట్టేసింది.

లైనక్క లేచి మొహం కడుక్కుంది. తాళంచెవి మేకుకు వేలాడుతోంది, దాన్నొకసారి ముట్టుకుంది. అప్పుడు అన్నయ్యకు ఫోన్ చేసింది.

ఊఁ అన్నాడాయన. ఆమె విషయం చెప్పింది. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడటం కూడా ఒక ఉద్యోగమేనా అన్నాడు. రాత్రి డ్యూటీలుంటాయా, ఆఫీసు ఎంత దూరం, అక్కడి మనుషులు ఎలాంటివాళ్ళు అని మొదలుపెట్టి, ఇన్నాళ్ళ మౌనానికి వడ్డీతో సహా మాట్లాడేశాడు. ఆమె అంతా వింది. ఆయన ఆగాక తన అసలు మాట చెప్పింది.

"అన్నయ్యా, మీ వెనక గదికి నాకిష్టమని లేతాకుపచ్చ రంగు వేయించావట. వదిన చెప్పింది. ఆదివారం వస్తాను, పెట్టెలు కూడా తెచ్చిస్తాను. ఆ గదిలో కూర్చుని నీతో కలిసి భోంచేసి, మా ఇంటికి వెళ్ళిపోతాను."

అవతల ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఎప్పటిలాగే ఆగబోయింది లైనక్క. అంతలో గుర్తొచ్చింది, ఈ ఫోన్ చేసింది తను. పెట్టేసింది.